“ఘంటసాల గొంతు పట్టుబడింది, నా గొంతు ఎటుపోయిందో తెలియట్లేదు”

విశాఖపట్నం గాజువాక నుంచి ఒక పాఠకుడు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 39, ఒక ప్రైవేటు కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగం. పదేళ్లుగా శని, ఆదివారాల్లో ఒక ఆర్కెస్ట్రాలో పాడుతున్నారు. పాడేవన్నీ ఘంటసాల పాటలూ పద్యాలే. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, ఏడాదికి రెండు మూడుసార్లు కళాభారతి ఆడిటోరియంలో సంస్మరణ సభలు. “కళ్లు మూసుకుని వింటే అచ్చం ఆయనే” అన్న పేరొచ్చింది. కార్యక్రమానికి రెండున్నర వేలు ముడుతుంది.

ఈమధ్య నగరంలో జరిగిన ఒక పాతపాటల పోటీలో న్యాయనిర్ణేత, “బాగా పాడావు నాయనా, ఇంతకీ ఇందులో నువ్వెక్కడున్నావు?” అన్నారట. ఆ రాత్రి ఇంటికొచ్చి సొంత గొంతుతో పాడదామని కూర్చుంటే ఒక్క పల్లవీ నిలబడలేదట. మామూలుగా మాట్లాడితే తనది సన్నగొంతు, పాట ఎత్తుకోగానే దానంతటదే లావైపోతోంది. సోమవారం ఆఫీసులో గొంతు బొంగురు, బుధవారానికి గానీ సర్దుకోదు. ఆర్కెస్ట్రా యజమానికి చెబితే, “డిసెంబరు 4 జయంతి, ఫిబ్రవరి 11 వర్ధంతి, సీజనంతా ముందుంది, ఇప్పుడా ప్రయోగాలు?” అన్నారు. ఇంట్లో పదకొండేళ్ల అబ్బాయి నాన్నలాగే గొంతు లావు చేసి పాడుతున్నాడు. బంధువులు మురిసిపోతున్నారు, ఆయన భార్య మాత్రం భయపడుతున్నారు. “అనుకరించడం తప్పా? మానేయాలా? మానేస్తే నన్నెవరు పిలుస్తారు?” ఇవీ ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నాలుగు ముడులున్నాయి: గొంతు ఆరోగ్యం, మీ సంగీతం, సంపాదన, అబ్బాయి. అన్నిటికీ “అనుకరణ” అని ఒకే పేరు పెట్టుకుని దిగులుపడుతున్నారు. విడదీసి చూస్తే వీటిలో రెండు చాలా తేలికైనవి.

ముందు ఆ న్యాయనిర్ణేత సంగతి. ఆయన అడిగింది మంచి ప్రశ్నే, అడిగిన చోటే బాగోలేదు. పాతపాటల పోటీ పెట్టి, అసలు పాట శ్రుతిలోనే ట్రాక్ (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగు) వేసి, స్వరాల మలుపు ఒక్కటి తప్పినా మార్కులు కోసేసి, చివర్లో “నువ్వెక్కడ?” అంటే పాడేవాడు ఏం చెబుతాడు? ఆ మాటను మీ మీద తీర్పుగా తీసుకోకండి. ప్రశ్నను మాత్రం దగ్గర పెట్టుకోండి.

అనుకరణ తప్పైతే మన సంగీతమే లేదు. గురువు పాడతాడు, శిష్యుడు అంటాడు. సరళీ స్వరాల దగ్గర్నుంచి కృతుల దాకా పాఠాంతరమంతా విని దించుకోవడమే. మీకు గంటన్నర ప్రయాణంలో ఉన్న విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పింది అక్కడే. ఘంటసాల కూడా ఆ కళాశాలలోనే పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర కూర్చుని విని నేర్చుకున్నవారే. కాబట్టి “అనుకరించాను” అని సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చూడాల్సింది ఒక్కటే: దేన్ని అనుకరించారు?

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. పులిని చూడటం తప్పు కాదు. చూసి చూసి చారలు మాత్రమే పట్టుకొచ్చింది, వేట పట్టుకురాలేదు. పాటలో చారలంటే గొంతు రంగు, అంటే ఆ గంభీరం, ఆ బరువు. అది ఆ మనిషి గొంతు నిర్మాణం వల్ల వచ్చింది, ఎవరికీ బదిలీ కాదు. వేట అంటే ఆయన ఊపిరి ఎక్కడ తీశారు, మాటను ఎక్కడ విరిచారు, ఏ అక్షరం మీద గమకం వేశారు (స్వరాన్ని ఊపారు), ఎక్కడ గొంతు తగ్గించారు అన్నది. అది ఎవరైనా నేర్చుకోవచ్చు, ఏ గొంతులోనైనా ఇముడుతుంది. మీరు పదేళ్లుగా రెంటినీ కలిపి దించుతున్నారు.

ఇంకో చిక్కుంది. మీరు విన్నది ఘంటసాల గొంతును కాదు, ఆ గొంతు తాలూకు రికార్డింగును. ఆ కాలపు మైకులు, టేపు, మోనో రికార్డింగు, గ్రామఫోను ప్లేటు, వీటన్నిటి మధ్య పై స్థాయి ధ్వనులు చాలావరకు రాలిపోయి, మధ్యస్థాయి ముందుకొచ్చి నిలుస్తుంది. ముక్కుతో కలిసినట్టు, కొంచెం మూసినట్టు వినిపించే ఆ లక్షణంలో యంత్రం వాటా ఉంది. అనుకరించేవాళ్లు దాన్ని కూడా గాయకుడి లక్షణమనుకుని గొంతు బిగించి సృష్టిస్తారు. పాత ప్లేట్లనూ టేపులనూ డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు వేగం కాస్త అటూఇటూ అయినవి కూడా నెట్‌లో చాలా ఉన్నాయి. వేగం మారితే శ్రుతీ మారుతుంది, గొంతు లావో సన్నమో అవుతుంది. ఫోన్లో తంబూరా యాప్ పెట్టి మీరు వాడే నాలుగైదు ఆడియోల షడ్జమం (“స”) సరిచూడండి. ఒకటో శ్రుతికీ (హార్మోనియం మీద C) ఒకటిన్నర శ్రుతికీ (C#) నడుమ ఎక్కడో వేలాడుతున్నవి తగులుతాయి. టేపు రికార్డరు తప్పును మీ గొంతు నరాలతో దించనక్కర్లేదు.

వేట అన్నదాన్ని దగ్గరగా చూద్దాం. పద్యాలు పాడతానన్నారు కాబట్టి అందరికీ వచ్చిన పోతన పద్యమే తీసుకుందాం. “ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై”. ఉత్పలమాల, యతి పదో అక్షరం “మె” దగ్గర. అర్థం ప్రకారం ఆగాలంటే “జగము” దగ్గర ఆగాలి, కానీ సంధి కలిసిపోయి “జగమెవ్వని” అయింది. ఇప్పుడు పాడేవాడికి మూడు దారులు. “జనించు” తర్వాత ఊపిరి తీస్తే జగం రెండో వాక్యానికి అంటుకుంటుంది, అర్థం చెడదు గానీ మొదటి ప్రశ్న గాలిలో ఉండిపోతుంది. “జగ” మీద ఆగి “మెవ్వని” అని ఎత్తుకుంటే ఛందస్సు నిలుస్తుంది, మాట విరుగుతుంది. రెండూ కాక, “జగ” దగ్గర రాగాన్ని కొంచెం సాగదీసి, ఊపిరి తెంచకుండా “మె” మీద స్వల్పంగా ఒత్తి “లీనమై” దాకా ఒక్క ఊపిరితో వెళ్తే రెండూ నిలుస్తాయి. కాకపోతే దానికి ముందే నిండా గాలి పీల్చుకుని ఉండాలి. ఏ పెద్ద గాయకుడి పద్యం విన్నా ఇలాంటి నిర్ణయాలు చరణానికి నాలుగైదు దొరుకుతాయి. పెన్సిలుతో సాహిత్యం మీద గుర్తు పెట్టుకోండి: ఊపిరికి నిలువు గీత, గమకానికి అల, తగ్గించిన చోట చిన్న సున్నా. ఒక పాటకు ఇది చేయడానికి గంటన్నర పడుతుంది. ఈ గుర్తుల కాగితాన్ని ఎంత కాపీ కొట్టినా ఎవరూ మిమ్మల్ని నకలు అనరు.

ఇక గొంతు. సన్నగొంతు మనిషి లావుగా పాడటానికి సాధారణంగా రెండు పనులు చేస్తాడు. స్వరపేటికను కిందికి నొక్కిపెడతాడు, నాలుక మొదలును వెనక్కి తోస్తాడు. పరీక్ష తేలిక. గడ్డం కింద మెత్తటి భాగంలో బొటనవేలు పెట్టి ఒక పల్లవి పాడండి. అక్కడ గట్టిపడి వేలిని కిందికి నెట్టిందంటే నాలుక మొదలు బిగుస్తోంది. అలా రెండు నిమిషాలు పాడితే ఏమీ కాదు. మూడు గంటలు పాడితే స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుని వాస్తాయి. సోమవారపు బొంగురు అదే అయ్యుండాలి. ఏళ్ల తరబడి సాగితే తంత్రుల అంచుమీద కాయలు కట్టవచ్చు.

ఆ వాపు ఉందో లేదో తెలుసుకోవడానికి మరో పరీక్ష. కార్యక్రమం మర్నాడు పొద్దున పై షడ్జమం దగ్గర “ఊ” అని చాలా మెల్లగా, దోమ పాడినంత సన్నగా పట్టుకోండి. గట్టిగా పాడితే వచ్చి, మెల్లగా పాడితే గాలి మాత్రమే వస్తుంటే తంత్రులు సరిగా కలవడం లేదన్నమాట. ఆ రోజు పాడకండి, గుసగుసగా కూడా మాట్లాడకండి (గుసగుస విశ్రాంతి అనుకుంటారు, కాదు), గొంతు ఊరికే సవరించుకోకండి. బొంగురు మూడు వారాలు దాటినా, మింగుతుంటే నొప్పి వచ్చినా, ఉమ్ములో రక్తం కనిపించినా కషాయాలతో కాలం గడపకుండా కెమెరాతో గొంతు చూపించుకోవాలి. పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) ఆసుపత్రి ఉండనే ఉంది. మీకు వారం వారం బొంగురు వస్తోందంటున్నారు కాబట్టి ఒకసారి చూపించుకోవడం ఇప్పుడే మంచిది. కార్యక్రమం అయ్యాక రాత్రి పదకొండింటికి బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీ తిని పడుకునే అలవాటుంటే అదీ మానండి. పడుకున్నాక కడుపులో ఆమ్లం గొంతుదాకా వచ్చి పొద్దున బొంగురుకు తోడవుతుంది. తిండికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి.

గంభీరం కావాలంటే గొంతును పిండకుండా తెచ్చే దారి మైకులోనే ఉంది. వేదికల మీద వాడే మామూలు చేతి మైకుకు దగ్గరయ్యే కొద్దీ కింది స్థాయి ధ్వని పెరుగుతుంది. మంద్రంలో, అంటే కింది స్థాయిలో వచ్చే పంక్తులకు మైకును పెదాలకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చి మెల్లగా పాడండి, తారస్థాయికి వెళ్లేటప్పుడు జానెడు దూరం జరపండి. మరీ దగ్గరైతే “ప”, “భ” అక్షరాలు టప్‌మని పేలతాయి, అప్పుడు మైకును నోటికి కొంచెం పక్కగా పెట్టాలి. సౌండ్ ఆపరేటర్‌తో ముందే మాట్లాడి 150–200 హెర్ట్జ్ దగ్గర కాస్త పెంచమనండి, ఎకో తగ్గించమనండి. అన్నిటికన్నా ముఖ్యం, మీ కాళ్ల దగ్గర మానిటర్ స్పీకర్ అడగండి. పందిళ్లలో అది లేకే సగం గొంతులు పోతున్నాయి. తన పాట తనకు వినిపించనివాడు తెలియకుండానే అరుస్తాడు.

సొంత గొంతు ఎటుపోయిందన్నారు. ఎటూ పోలేదు, మాట్లాడేటప్పుడు వస్తూనే ఉంది కదా. పాట అనగానే ఒక భంగిమలోకి వెళ్లిపోవడం గొంతుకు అలవాటైంది. ఆ అలవాటు శ్రుతికి అతుక్కుని ఉంటుంది. అదే పాట, అదే శ్రుతి, అదే ట్రాక్ వింటే అదే గొంతు లేస్తుంది. కాబట్టి మొదట మార్చాల్సింది శ్రుతి. రెండు సెమీటోన్లు (హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి రెండు మెట్లు) పైకి జరపండి, కీబోర్డు వాళ్ల మాటలో ట్రాన్స్‌పోజ్ ప్లస్ 2. మూడు దాటితే ట్రాక్ ధ్వని ఎబ్బెట్టుగా మారుతుంది, అప్పుడు హార్మోనియమో తంబూరానో చాలు. మీ అసలు శ్రుతి తెలుసుకోవాలంటే నిద్రలేచిన రెండు గంటలకు, గొంతు తేరుకున్నాక, మంద్ర పంచమం నుంచి తార మధ్యమం దాకా బిగించకుండా అందే షడ్జమం వెతకండి. మగవాళ్లలో చాలామందికి అది ఒకటికీ రెండున్నరకూ మధ్య పడుతుంది. మీది సన్నగొంతు కాబట్టి పైవైపు ఉండవచ్చు.

రోజూ నలభై నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాలు గొట్టం సాధన: గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు సెంటీమీటర్లు ముంచి, బుడగలు సమంగా వచ్చేలా “ఊ” అంటూ స్వరాల మీద పైకీ కిందికీ వెళ్లడం. అలా చేస్తున్నప్పుడు గొంతు బిగించడం కష్టం, అందుకే ఇది పనిచేస్తుంది. తర్వాత ఒక పాట సాహిత్యాన్ని పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు మూడుసార్లు చదవండి, రాగం వద్దు. నాలుగోసారి అదే మాట గొంతులోంచి జారిపోతున్నట్టు రాగంలోకి వెళ్లండి. గొంతు లావైన క్షణంలో ఆగి, మళ్లీ మాట దగ్గరికి రండి. మొదటి వారం పల్లవి కూడా పూర్తికాదు, కంగారుపడకండి. ఈ పాట అసలు రికార్డింగును కనీసం రెండు వారాలు వినకూడదు, అది పథ్యం. ఫోన్‌ను చేయిచాపు దూరంలో పెట్టి రికార్డు చేసుకుని, అప్పుడే కాకుండా మర్నాడు వినండి. అప్పటికప్పుడు వింటే మీ సన్నగొంతు మీకే నచ్చదు. పదేళ్లుగా వినని గొంతు అది. మర్నాడు కూడా మూడే చూడండి: స్వరం సరిగ్గా ఉందా, తాళంలో ఉందా, మాట తెలుస్తోందా. “బాగుందా” అని ఇప్పుడే అడగొద్దు.

పాట ఎంపికలో జాగ్రత్త. మీకు బాగా పేరు తెచ్చిన పాటతో మొదలుపెడితే ఓడిపోతారు. ఎప్పుడూ వేదిక మీద పాడనిది, వీలైతే వేరే గాయకుడిదో గాయనిదో తీసుకోండి. గాయని పాటైతే అనుకరించడానికి దారే ఉండదు, అది మీకు మేలు.

సంపాదన విషయంలో మూడు నాలుగు దారులున్నాయి, ఏదీ ఉచితం కాదు.

ఉన్నట్టే కొనసాగవచ్చు. అది నీచం కాదు. ఘంటసాల అభిమానులకు ఆ మూడు గంటలు నిజమైన ఆనందం. కానీ అక్కడ పడే చప్పట్లలో ఎక్కువ వాటా వాళ్ల జ్ఞాపకాలదని మీరు గుర్తుంచుకోవాలి, లేకపోతే ఇంకా ఇంకా లావుగా పాడాలనిపిస్తుంది. ఈ దారి పట్టేట్టయితే వారంలో ఒక్క కార్యక్రమం, ఒకేసారి ముప్పావుగంటకు మించకుండా, మధ్యలో వేరే గాయకుడు. ఆ పాటలు విని పెరిగిన తరం పెద్దదవుతోంది. పదేళ్ల తర్వాత బుకింగులు ఇప్పటిలా ఉండవన్నది లెక్కలో వేసుకోండి.

ఒక్కసారిగా మానేయవచ్చు. నేను వద్దంటాను. సీజన్ డబ్బు పోతుంది, యజమానితో చెడుతుంది, సొంత గొంతు ఇంకా నిలబడలేదు కాబట్టి వేదిక మీద రెండూ లేకుండా పోతారు. ఆ అనుభవంతో చాలామంది ఇంకా గట్టిగా పాత గొంతులోకే దూరిపోతారు.

అనుకరణను అనుకరణగానే ప్రకటించి చేయవచ్చు. వరంగల్ నుంచి వచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) ధ్వన్యనుకరణను ఒక విద్యగా నిలబెట్టారు. ఆ విద్యలో ఉన్నవాళ్లను చూడండి. ఫలానా వారి గొంతు అని చెప్పి అనుకరిస్తారు, నిమిషంలో ఇంకో గొంతుకు మారతారు, నడుమ తమ గొంతుతో మాట్లాడతారు. గొంతుకు విశ్రాంతి, మనిషికి గుర్తింపు రెండూ దొరుకుతాయి. ఆరేడు నిమిషాల అంశంగా ముగ్గురు నలుగురు గాయకుల గొంతులు కలిపి చేస్తే మీ పదేళ్ల కష్టం వృథా పోదు. అయితే దానికి ఒక్క ఘంటసాల గొంతు సరిపోదు, ఇంకొన్ని నేర్చుకోవాలి.

నాకు నచ్చేది కలగలుపు. డిసెంబరు కార్యక్రమంలో పన్నెండు పాటలుంటే పది ఎప్పటిలా, రెండు మీ గొంతుతో. ఆ రెండూ మొదటివి కాకూడదు, చివరివీ కాకూడదు. నాలుగోది, తొమ్మిదోది పెట్టండి. హుషారు పాట అయిన వెంటనే పెట్టకండి, గొంతు తేడా గుచ్చుకుంటుంది. పద్యం తర్వాతో వ్యాఖ్యాత మాటల తర్వాతో బాగుంటుంది. “ఇప్పుడు నా గొంతుతో” అని ప్రకటించకండి, జనం పోల్చడానికి సిద్ధమైపోతారు. ఫిబ్రవరికి నాలుగు పాటలు. యజమానిని “ప్రయోగం” అన్న మాటతో భయపెట్టకుండా, “గొంతు మూడు గంటలు నిలబడాలంటే నడుమ ఈ రెండూ తేలిగ్గా పాడాలి” అనండి. అబద్ధం కాదు, ఆయనకు అర్థమయ్యే నిజం. అప్పటికీ ఒప్పుకోకపోతే, బుకింగులు లేని నెలల్లో కాలనీ గుళ్లో ఒక గంట భజన పాటలు పాడండి. అక్కడ మిమ్మల్ని ఎవరితోనూ పోల్చరు.

ఘంటసాల సైతం తెర మీద ఎవరున్నారో చూసుకుని గొంతు తీరు మార్చారు. ఎన్టీఆర్‌కు పాడిన తీరు వేరు, ఏఎన్నార్‌కు పాడిన తీరు వేరు. తర్వాత ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం దాన్ని ఇంకా దూరం తీసుకెళ్లారు. కానీ పాట అయ్యాక తొడిగింది విప్పేశారు. మీరు విప్పడం నేర్చుకుంటే చాలు, తొడుక్కోవడం మీకు వచ్చే ఉంది.

అబ్బాయి విషయంలో మాత్రం కలగలుపు లేదు, మీ ఆవిడ భయం పూర్తిగా సబబు. వాడు ఘంటసాలను కాదు, మిమ్మల్ని దించుతున్నాడు. మీరు చేసే ఒత్తిడిని ఇంకా ఎదగని స్వరపేటికతో చేస్తున్నాడు. పిల్లల్లో తంత్రుల మీద కాయలు మగపిల్లలకే ఎక్కువ. ఇంకో ఒకటి రెండేళ్లలో వాడి గొంతు మారడం మొదలవుతుంది. అప్పటిదాకా వాడి శ్రుతి నాలుగుకూ అయిదున్నరకూ మధ్య ఉంటుంది, మీ ట్రాకులేవీ వాడికి పనికిరావు. సరళీ స్వరాలు, జంట స్వరాలు మూడు కాలాల్లో (మూడు వేగాల్లో), రామదాసు కీర్తనలు, అదీ ఇరవై నిమిషాలు. గొంతు మారే నెలల్లో జీర పలికితే ఆ రోజుకు సెలవు. పాడొద్దని కసరకండి, వాడికి నాన్నలా ఉండటం ఇష్టం. పొద్దున మీ గొట్టం సాధనకు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి, ఇద్దరికీ రెండు గ్లాసులు. ఆ పది నిమిషాల్లో మీరేం చేస్తే వాడు అదే చేస్తాడు. బంధువులు “జూనియర్‌ని పాడించండి” అంటే, ఈ డిసెంబరుకు మాత్రం లేదని చెప్పేయండి.